చైన్ సా సైలెన్సర్ దగ్గర లీకు: పొగ పోయే దారి, గాలి చొరబడే దారి

సుబాబుల్ తోటలు నరికించే ఒక కాంట్రాక్టరు గత వేసవిలో తన చైన్ సాను తెచ్చి నా బల్ల మీద పెట్టి, దీని కార్బ్యురేటర్ పోయింది, కొత్తది వేయండి అన్నారు. చప్పుడు పగిలినట్టు వస్తోందనీ, దుంగలో పట్టు తగ్గిందనీ, పావుగంట కోసేసరికి ముందు పిడి దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ కొడుతోందనీ చెప్పారు. అప్పటికే రెండు చోట్ల కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పించుకొచ్చారు. యంత్రాన్ని వెలుతురుకు తిప్పి, సైలెన్సర్ సిలిండర్‌కు అతికే చోట చూశాను. ఆ రెంటి మధ్య సందు మూసే ప్యాకింగ్ అంచు కింది నుంచి నల్లటి జిడ్డు చార ఒకటి సిలిండర్ రెక్కల మీదుగా దిగింది. దానికి ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ బాడీ కొవ్వొత్తి మైనంలా కరిగి ముద్దకట్టింది. సైలెన్సర్‌ను పట్టుకునే రెండు బోల్టుల్లో ఒకటి ఎక్కడో రాలిపోయింది, రెండోది వేలితో తిప్పితే తిరిగింది. కార్బ్యురేటర్‌లో మాత్రం ఏ లోపమూ లేదు.

అంతకుముందు చూసిన మెకానిక్కులను నేను పూర్తిగా తప్పుపట్టలేను. చిన్న ఇంజిన్ల పనిలో మనం ‘లీకు’ అనే ఒక్క మాటనే రెండు వేర్వేరు జబ్బులకు వాడుతున్నాం. కాలిన వాయువు సైలెన్సర్ నోటి గుండా పోవలసింది పోయి, సిలిండర్‌కూ సైలెన్సర్‌కూ మధ్య సందులోంచి చిమ్మితే అది పొగ లీకు. కార్బ్యురేటర్‌ను తప్పించుకుని బయటి గాలి దొంగదారిన పిస్టన్ కింది గది అయిన క్రాంక్‌కేసులోకి చొరబడితే అది గాలి లీకు. మొదటిది వేడిని ఉండకూడని చోటికి చేరుస్తుంది. రెండోది మిశ్రమంలో పెట్రోలు పాలును, దానితోపాటే ఆయిల్ పాలును తగ్గించి, పిస్టన్‌ను నిమిషాల్లో గీకేయగలదు. రెండింటిలోనూ చప్పుడు మారుతుంది, రెండింటిలోనూ వేడి పెరుగుతుంది, రెండింటిలోనూ మనిషి చెయ్యి ముందుగా వెళ్ళేది కార్బ్యురేటర్ స్క్రూ మీదికే. ఏ లీకో తేల్చుకునేదాకా ఆ స్క్రూను ముట్టుకోకూడదన్నది నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట.

ఈ తేడా అర్థం కావాలంటే టూ స్ట్రోక్ ఇంజిన్ ఊపిరి తీసే పద్ధతిని ఒకసారి చూడాలి. దీనికి వాల్వులు ఉండవు. పిస్టన్ పైకి లేచినప్పుడు దాని కింద ఉన్న క్రాంక్‌కేసులో పీడనం పడిపోతుంది, ఆ లాగుడుకే కార్బ్యురేటర్ నుంచి పెట్రోలు, ఆయిల్, గాలి కలిసి లోపలికి వస్తాయి. పేలుడు జరిగి పిస్టన్ కిందికి దిగుతూ ముందుగా సిలిండర్ గోడలోని ఎగ్జాస్ట్ రంధ్రాన్ని తెరుస్తుంది, కాలిన వాయువు ఒక్క ఉదుటున సైలెన్సర్‌లోకి దూకుతుంది. ఆ వెంటనే పక్క దారులు తెరుచుకుని, క్రాంక్‌కేసులో అణిగి ఉన్న తాజా మిశ్రమం పైకి వచ్చి మిగిలిన పొగను నెట్టేస్తుంది. నిమిషానికి 10,000 చుట్లు తిరిగే వేగంలో ఇదంతా సెకనుకు 160కి పైగా సార్లు జరుగుతుంది. క్రాంక్‌కేసు ఒకసారి పీల్చి, ఒకసారి నెడుతుంది కాబట్టి అక్కడ సందు ఉంటే గాలి లోపలికి వస్తుంది. సైలెన్సర్ ప్యాకింగ్ దగ్గర దాదాపు ఎప్పుడూ నెట్టుడే ఉంటుంది కాబట్టి అక్కడి సందులోంచి పొగ బయటికి పోతుంది.

పొగ లీకు వల్ల బలం ఎంత తగ్గుతుందన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. పొడవాటి, లెక్కకట్టి మలిచిన సైలెన్సర్ గొట్టం ఉండే టూ స్ట్రోక్ రేసు బైకుల్లో, ఆ గొట్టంలో వెనక్కి తిరిగి వచ్చే ఒత్తిడి అల మీద ఇంజిన్ బలం ఆధారపడుతుంది కాబట్టి, చిన్న సందు కూడా గట్టిగా తెలుస్తుంది. చైన్ సా సైలెన్సర్ మాత్రం చప్పుడు అణచడానికి పెట్టిన ఒక రేకు డబ్బా. అక్కడ సందు పడితే ఇంజిన్ మీద ఎదురు ఒత్తిడి కొంచెం తగ్గి మిశ్రమం కొద్దిగా పలచబడవచ్చు గానీ, యంత్రం చతికిలబడిపోదు. కాంట్రాక్టరు గారి యంత్రంలో పట్టు తగ్గడానికి కారణం లీకు కాదు. లీకు చప్పుడు విని, దాన్ని మిశ్రమం లోపం అనుకుని, ఇద్దరు చెరో వైపు తిప్పిన స్క్రూలు దానికి కారణం.

అయితే నష్టం వేడి రూపంలో వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎగ్జాస్ట్ రంధ్రం దగ్గర వాయువు వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చాలా యంత్రాల బాడీలు నైలాన్ జాతి ప్లాస్టిక్‌తో పోస్తారు, అది రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. సైలెన్సర్ నోటి నుంచి పొగ దూరంగా, మనిషికి అవతలి వైపు పోయేలా తయారుచేసినవారు ఏర్పాటు చేస్తారు. ప్యాకింగ్ సందులోంచి వచ్చే సెగకు అలాంటి ఏర్పాటేమీ ఉండదు. అది చైన్ బ్రేకు మీదికో, ఆయిల్ ట్యాంకు గోడ మీదికో, సిలిండర్ రెక్కల మధ్యకో గురిపెట్టినట్టు కొడుతుంది. చైన్ బ్రేకు మెలితిరిగి బిగుసుకుపోతే, రంపం ఎగిరి మీదికి వచ్చిన క్షణంలో అది పనిచేయదు. పొగ లీకును నేను చప్పుడు సమస్యగా ఎందుకు చూడనో దీన్ని బట్టి అర్థమవుతుంది.

గుర్తించే పని కళ్ళతో, ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాలి. పొగ లీకు తన జాడను తానే రాసుకుంటుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు వాడుతున్నాం కాబట్టి, సందు ఉన్న చోట ప్యాకింగ్ అంచు వెంట తడి తడిగా నల్లటి చార పడుతుంది. లీకు ఎక్కువైతే వేడికి ఆ తడి ఎండి బూడిదరంగు మచ్చగా మారుతుంది. తర్వాత సైలెన్సర్‌ను రెండు చేతులతో పట్టుకుని కదపాలి. వెంట్రుకవాసి కదిలినా సగం విషయం తేలిపోయినట్టే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు వినాలంటే, చెవి మఫ్‌లు పెట్టుకున్నా తేడా తెలుస్తుంది. సైలెన్సర్ నోటి నుంచి వచ్చే బొంగురు మోత మీద, టపటపమని పొడిగా కొట్టే చప్పుడు ఒకటి అదనంగా ఉంటుంది. చైన్ సా చప్పుడు 100 డెసిబెల్స్ దాటుతుంది కనుక మఫ్‌లు తీసి వినే ప్రయత్నం చేయవద్దు. సందు దగ్గర చెయ్యి పెట్టి సెగ చూడటం, షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపడం కూడా వద్దు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

గాలి లీకు జాడ వేరు. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు, పైనే వేలాడుతూ ఉంటుంది. స్లోలో పెట్టి యంత్రాన్ని పక్కకు వంచితే వేగం మారుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడిచి, వేడెక్కాక కీచుమంటూ ఎగబాకుతుంది. పొగ లీకు ఉన్న యంత్రం, దాని స్క్రూలను ఎవరూ కదపకపోతే, స్లోలో నిలకడగానే తిరుగుతుంది. ఈ నిలకడ ఉందా లేదా అన్నది నాకు అన్నిటికంటే పెద్ద గుర్తు. అనుమానం మిగిలితే ప్రెజర్ పరీక్ష ఒక్కటే దారి. ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ రంధ్రాలను రబ్బరు ముక్కలతో మూసి, క్రాంక్‌కేసులోకి 0.5 బార్ ఒత్తిడి ఎక్కించి, అది కనీసం 20 సెకన్లు నిలుస్తుందా అని చూడాలి. తర్వాత అంతే వ్యాక్యూమ్ పెట్టి చూడాలి. క్రాంక్ షాఫ్ట్ చుట్టూ సందు మూసే ఆయిల్ సీళ్ళు ఒత్తిడిని ఆపి, లాగుడుకు మాత్రం లొంగిపోయే సందర్భాలు ఉంటాయి కాబట్టి ఈ రెండో సగాన్ని ఎగ్గొట్టకూడదు.

పొగ లీకు ఎక్కడుందో కచ్చితంగా చూపించేది సబ్బు నురగ. పాత స్పార్క్ ప్లగ్ ఒకటి తీసుకుని, లోపలి పింగాణీ తీసేసి, ఇత్తడి గొట్టం అతికిస్తే గాలి ఎక్కించే సాధనం తయారవుతుంది. దానికి నేను పాత బీపీ మిషన్ బంతినీ మీటరునూ తగిలించాను. ఆ మీటరు చూపించే 300 మిల్లీమీటర్లంటే 0.4 బార్, ఈ పనికి అది చాలు. పిస్టన్‌ను కిందికి దించి ఎగ్జాస్ట్ రంధ్రం తెరిచి, సైలెన్సర్ నోటికి రబ్బరు బిరడా బిగించి, ప్యాకింగ్ చుట్టూ గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు కుంచెతో రాసి, బంతిని నెమ్మదిగా నొక్కాలి. ఆ రోజు కాంట్రాక్టరు గారి ముందే, రాలిపోయిన బోల్టు వైపు అంచున చిన్న చిన్న బుడగలు ఒకదాని వెనక ఒకటి పుట్టి, కందిగింజంత పెరిగి పగిలాయి. బోల్టు మిగిలి ఉన్న వైపు నురగ కదలలేదు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఈ పరీక్షకు కంప్రెసర్ గాలి నేరుగా వాడితే మంచి ఆయిల్ సీళ్ళు కూడా ఊడివస్తాయి. సైలెన్సర్ డబ్బా రెండు రేకుల మడత అతుకు వెంట సన్నని నురగ కనిపిస్తే దిగులుపడనక్కరలేదు, పొగ గీత అక్కడినుంచి మొదలైతేనే దాన్ని లీకుగా లెక్కపెట్టాలి.

ఇదే జాడను చూపి మోసం చేసేవి మరో మూడున్నాయి. సిలిండర్ మీద స్టార్టింగ్ తేలిక చేసే డీకంప్రెషన్ బటన్ ఉంటే, అది సరిగా మూసుకోక నల్లటి జిడ్డు చిమ్ముతుంది. స్పార్క్ ప్లగ్ వదులైతే దాని వాషరు చుట్టూ ఇలాగే మసి కడుతుంది. సైలెన్సర్ బోల్టు రంధ్రం దగ్గర రేకు పగిలితే ప్యాకింగ్ ఎంత కొత్తదైనా లీకు ఆగదు. అలాంటి సైలెన్సర్‌ను వెల్డింగ్ చేయించడం కంటే మార్చడం మేలని నా అనుభవం, పలచటి రేకు వెల్డింగ్ వేడికి వంగి అతుకు ముఖమే చెడుతుంది.

బోల్టులు అసలెందుకు వదులవుతాయి? సిలిండర్ అల్యూమినియం, బోల్టూ సైలెన్సర్ అంచూ ఉక్కు. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. ప్రతి ట్యాంకు పెట్రోలుకూ యంత్రం వేడెక్కి, చల్లారి, మళ్ళీ వేడెక్కుతుంటే, ఆ రెండు లోహాలూ ఒకదానిమీద ఒకటి జరుగుతూ ఉంటాయి. మధ్యలో ఉన్న ప్యాకింగ్ అణిగి పలచబడి బోల్టు బిగువును తినేస్తుంది. మిగిలిన పని కంపనం పూర్తి చేస్తుంది. చాలా మోడళ్ళలో సైలెన్సర్ అడుగు భాగాన్ని క్రాంక్‌కేసుకు పట్టే ఒక ఆధారం బోల్టు కూడా ఉంటుంది. ఎవరో ఒకసారి విప్పి అది వేయడం మరిచిపోతే, డబ్బా బరువంతా పై రెండు బోల్టుల మీద ఊగుతుంది. సైలెన్సర్ నోటి దగ్గర నిప్పురవ్వలను ఆపే స్పార్క్ అరెస్టర్ జాలీ మసితో పూడిపోవడం ఇంకో కారణం. నోరు మూసుకుపోయిన కొద్దీ పొగ ప్యాకింగ్ మీద ఒత్తిడి పెంచుతుంది. అందుకే కొత్త ప్యాకింగ్ వేసి జాలీని చూడకుండా పంపితే ఆ పని సగంలో ఆగినట్టే.

విప్పే ముందు బోల్టు తలలోని గుంతలో గట్టిపడిన మసిని సూదితో పూర్తిగా గీకి తీయాలి. మసి మీద అలెన్ కీ గానీ టార్క్స్ కీ గానీ పెట్టి తిప్పితే మూలలు అరిగి తల గుండ్రమవుతుంది, ఆ తర్వాత పడే కష్టం పది రెట్లు. సైలెన్సర్ తీయగానే స్టార్టర్ తాడు మెల్లగా లాగి పిస్టన్‌ను పైకి తెచ్చి, దాని పక్క గోడతో ఎగ్జాస్ట్ రంధ్రాన్ని కప్పాలి. గీకిన మసి గానీ, లోహపు రజను గానీ సిలిండర్‌లో పడితే, తెచ్చుకున్న చిన్న రోగం పెద్దదవుతుంది. ఈ రంధ్రం మెకానిక్‌కు దొరికే మంచి కిటికీ కూడా. టార్చి వేసి పిస్టన్ గోడ చూడండి. మిషన్ చెక్కిన సన్నని అడ్డ గీతలు కనిపిస్తే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. నిలువుగా గీట్లు, పూసిన వెండిలాంటి అల్యూమినియం మరకలు కనిపిస్తే మిశ్రమంలో పెట్రోలు, ఆయిల్ పాలు తగ్గి పిస్టన్ అప్పటికే గీసుకుంది. అంటే పొగ లీకుతో పాటు గాలి లీకూ ఉండి ఉండవచ్చు, ప్రెజర్ పరీక్ష చేయకుండా ఆ యంత్రాన్ని మూయకూడదు.

సైలెన్సర్ అంచును మందపాటి అద్దం పలక మీద పరిచిన నీళ్ళ కాగితం (తడిపి వాడే గరుకు కాగితం) మీద పెట్టి గుండ్రంగా రుద్దితే వంకర ఎక్కడుందో మెరుపు చెబుతుంది, నాలుగు వైపులా ఒకే మెరుపు వచ్చేదాకా రుద్దాలి. సిలిండర్ వైపు ముఖాన్ని మాత్రం కర్ర ముక్కతోనో ప్లాస్టిక్ గీకుడుతోనో శుభ్రం చేయాలి, మెత్తటి అల్యూమినియం మీద ఉక్కు బ్లేడు పెట్టే ప్రతి గీత కొత్త లీకుకు కాలువే. పాత ప్యాకింగ్ మళ్ళీ వాడకండి. సమయానికి దొరకలేదని కూల్‌డ్రింక్ అట్టపెట్టె కత్తిరించి వేసినవి చూశాను, అవి మొదటి దుంగలోనే కాలిపోతాయి. కంపెనీ ప్యాకింగ్ వచ్చేదాకా ఆగలేకపోతే, అర మిల్లీమీటరు రాగి రేకును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరచి, అచ్చు ప్రకారం కత్తిరించి వేయవచ్చు. పాత జాయింట్ షీట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, అలాంటి ప్యాకింగ్‌ను పొడిగా గీకి ఆ దుమ్ము పీల్చవద్దు, తడిపి తీయండి. కొన్ని మోడళ్ళలో ప్యాకింగ్, వేడి కాచే రేకు, మళ్ళీ ప్యాకింగ్ అన్న వరుస ఉంటుంది. తీసేటప్పుడే ఫోనుతో ఒక ఫోటో తీసుకుంటే ఆ వరుస తప్పదు.

సిలికాన్ పేస్టు పూస్తే సరిపోదా అని అడిగేవారికి నా సమాధానం ఒకటే, సరిపోదు. వేడి తట్టుకుంటుందని అమ్మే ఎర్ర సిలికాన్ కూడా 300 డిగ్రీలు దాటాక ఎక్కువ కాలం నిలవదు. మాడి రాలిన ముక్కలు బోల్టు కింద బిగువును ఇంకా తగ్గిస్తాయి. బోల్టు మరల మీద పూసే మామూలు నీలం లాక్ ద్రవం సంగతీ అంతే, 150 డిగ్రీల దగ్గర దాని పట్టు పోతుంది. ఇక్కడ పనికొచ్చేది లోహంతో బిగించే పట్టు, అంటే పళ్ళున్న జంట వాషర్లు గానీ, తయారీదారు ఇచ్చిన లాక్ బోల్టులు గానీ.

కాంట్రాక్టరు గారి యంత్రంలో రాలిపోయిన బోల్టు వైపు మరలు కూడా సగం పోయాయి. అల్యూమినియంలో మరలు పోయినప్పుడు ఎక్కువమంది 6 మిల్లీమీటర్ల బోల్టుకు పెద్ద రంధ్రం వేస్తారు. సిలిండర్ గుబ్బలో గోడ పలచగా ఉంటుంది కాబట్టి నాకు అది ఇష్టం లేదు. 5 మిల్లీమీటర్ల బోల్టుకు 5.2 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రం శుభ్రం చేసి, స్టెయిన్‌లెస్ తీగ చుట్టకు సరిపడే ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) మరలు కోసి, ఆ చుట్టను అందులోకి ఎక్కిస్తే పాత బోల్టు సైజే మిగులుతుంది, పట్టు మొదటికంటే గట్టిగా ఉంటుంది. డ్రిల్లు బిట్టుకు లోతు గుర్తుగా టేపు చుట్టుకోవడం తప్పనిసరి, ఆ గుర్తు దాటి పోతే బిట్టు సిలిండర్ లోపలికే తేలవచ్చు. బోల్టు లోపలే విరిగి ఉంటే చేతి డ్రిల్లుతో సాహసం చేయకుండా సిలిండర్ విప్పి లేత్ షాపుకు ఇవ్వడం చౌక.

బిగించేటప్పుడు రెండు బోల్టులనూ ముందు వేళ్ళతో పూర్తిగా ఎక్కించి, తర్వాత ఇటొకసారి అటొకసారి కొద్దికొద్దిగా బిగించాలి. 5 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది, మీ మోడల్ సర్వీసు పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆధారం బోల్టును చివర బిగించాలి, ముందే బిగిస్తే అది సైలెన్సర్‌ను వంకరగా లాగుతుంది. మసి పట్టిన జాలీని తీసి, మంటలో ఎర్రగా కాల్చి, వైరు బ్రష్‌తో తోమి మళ్ళీ వేయాలి. బలం పెరుగుతుందని జాలీ తీసి పారేసేవారు ఉన్నారు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుటాకుల మీద పనిచేసే మన అడవులలో, తోటలలో ఆ జాలీ ఒక్కటే నిప్పురవ్వకూ ఆకుకూ మధ్య ఉండే గోడ.

ఇప్పుడు, అంటే లీకు ఆగాక మాత్రమే, కార్బ్యురేటర్ వంతు. రెండు స్క్రూలనూ పుస్తకంలో చెప్పిన మొదటి అమరికకు తెచ్చి, శుభ్రమైన ఎయిర్ ఫిల్టరుతో, పదునుపెట్టిన చైనుతో, లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ టీ ఆయిల్ కలిపి (వేరే పాలు చెప్పిన యంత్రానికి ఆ పాలే), వేడెక్కాక ట్యాకోమీటరుతో వేగం చూసి సరిచేయాలి. మిశ్రమాన్ని తనంతట తానే సరిచూసుకునే కొత్త యంత్రాలకు ఈ పని ఉండదు, వాటిని కొన్ని నిమిషాలు దుంగలో కోయనిస్తే చాలు. పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లార్చి, బోల్టులను మరోసారి అదే బిగువుకు చూడాలి. వేడిగా ఉన్నప్పుడు బిగిస్తే మరలు తెగుతాయి.

బోల్టు తల మీదా, పక్కన సైలెన్సర్ రేకు మీదా ఒకే వరుసలో సన్నని గీత చెక్కడం నా అలవాటు. ఆ రెండు గీతలు ఎదురెదురుగా ఉన్నంతకాలం బోల్టు కదలలేదని పానా పట్టకుండానే తెలుస్తుంది. కరిగిన చైన్ బ్రేకు మూతను మార్చి, స్క్రూలను మొదటి అమరికకు తెచ్చి యంత్రాన్ని ఇచ్చాను. ప్రతి ఉదయం పెట్రోలు పోసే ముందు ఆ గీతలు ఒకసారి చూడమని కోత మనిషికి చెప్పి పంపాను. పది రోజులకు చైను సానకు తెచ్చినప్పుడు అతనే యంత్రాన్ని వెలుతురుకు తిప్పి చూపించాడు. గీతలు కదలలేదు, ప్యాకింగ్ కింద రెక్కలు పొడిగా ఉన్నాయి.